మజూరీ, తరుగు

వెబ్‌స్టర్‌లో, ఫ్రీవే పక్కన క్లినిక్‌లో
ఎముకలు తూచే ఉద్యోగం నాది.
మనిషిని బల్ల మీద పడుకోబెడతాను, యంత్రం చెయ్యి
తల నుంచి మడమ దాకా నింపాదిగా జరుగుతుంది.
మా తాత కంసాలి. గురివింద గింజలతో బంగారం తూచాడు.
నేను కంటికి కనపడని వెలుగుతో సున్నం తూస్తాను.
కులవృత్తి తప్పలేదనే నా లెక్క.

తిమొఫేయ్ కొరబ్లిన్ మొదటిసారి వచ్చినప్పుడు
ఫారం మీద సంతకం పెట్టి
పెన్నుని గాలిలో వదిలేశాడు.
అది కింద పడింది.
ఇద్దరం దాని వంక చూశాం.
"అవును కదూ," అన్నాడు, "ఇక్కడ పట్టుకునేవాళ్ళు లేరు."
నూట తొంభై ఆరు రోజులు పైనుండి
దిగి అప్పటికి మూడు వారాలు.

అరికాళ్ళు పసిపాపవి.
కాయలన్నీ పాదాల పైన,
కమ్మీ కింద వేళ్ళు దూర్చి నిలబడే చోట.
ఎవరో ఈ మనిషిని తిరగేసి నడిపించినట్టు.
నేల విడిచి సాము చెయ్యకని మావాళ్ళు తిడతారు.
ఇతనికి దానికే జీతం.

తుంటి దగ్గర నెలకు నూటికి ఒకటిన్నర.
నగల బిల్లులో రాసినట్టే, తరుగు.
ఆ గడి నేను నింపుతాను.
మజూరీ సంగతి అతన్నే అడిగాను, మూడో ప్రయాణం తర్వాత.
పైన ఏం చేస్తారు ఇన్నాళ్ళు?
"రిపేర్లు."
పంపు. ఫ్యాను. మరుగుదొడ్డి. మళ్ళీ అదే పంపు.
రబ్బరు తాళ్ళతో భుజాలు కట్టేసుకుని రోజూ పరుగు,
చెమట కారదు, ఒంటికే అతుక్కుని బుడగలా ఊగుతుంది.
పదహారు సూర్యోదయాలట రోజుకి.
"వారం పాటు లెక్కపెట్టాను. తర్వాత కిటికీ మూసేశాను."
కళ్ళు మూసుకున్నా లోపల మెరుపులు,
ఎక్కడి నుంచో బయల్దేరిన కణాలు కంటిని తాకుతూ పోతాయి.
అవి ఇష్టమన్నాడు.
రాత్రిపూట ఎవరో తలుపు తట్టినట్టుంటుందట.

ఆ సాయంత్రమే మాల్‌కి పోయి
కూతురికి బూట్లు కొన్నాడు, గుర్తున్న సైజు.
మర్నాడు బిల్లు పట్టుకుని వాపసు ఇవ్వడానికి
దారి అడుగుతూ నాకే ఫోన్ చేశాడు.

నాలుగోసారి, స్కాన్ మధ్యలో, పైకప్పు చూస్తూ:
"పోయిన ఎముక ఎక్కడికి పోతుందో తెలుసా?"
మూత్రంలోకి, అన్నాను.
"అక్కణ్ణించి?"
అంతవరకు ఆలోచించలేదు.
"నీళ్ళు వడగట్టి మళ్ళీ తాగేస్తాం.
అడుగున మిగిలిన చిక్కటి మడ్డిని డబ్బాలకెత్తి
చెత్తతో పాటు సరుకుల నౌకలో పడేస్తాం.
పసిఫిక్ మీద కాలిపోతుంది నౌక.
ఒకసారి కిటికీలోంచి చూశాను.
సన్నటి నిప్పుగీత.
అందులో నేనూ కాస్త."

బతికుండగానే, వాయిదాల మీద,
తన అస్థికలు తానే సముద్రంలో కలుపుకుంటున్న మనిషి.
మా భాషలో ఆ తంతుకు ఒక పేరుంది.
నోటిదాకా వచ్చింది.
"కదలకండి," అన్నాను.

నిన్న ఆఖరిసారి వచ్చాడు.
ఐదు ప్రయాణాలు, ఎనిమిది వందల నలభై రోజులు.
ఇక చాలని బోర్డు రాసిచ్చింది.
కొంత తిరిగొచ్చింది ఎముక. అంకె చూస్తే ఎవరైనా సంతోషిస్తారు.
లోపలి జల్లెడ రాలేదు, రాదు.
పాత గోడకు సున్నం కొట్టినట్టుంది, బయటికి తెల్లగా.
చెబితే తలూపాడు.
కిటికీ అవతల పార్కింగ్‌లో నల్లపిట్టలు కొట్టుకుంటున్నాయి,
గాల్వెస్టన్ వైపు నుంచి ఉప్పగాలి.

సంతకం పెట్టాడు.
పెన్నుకి మూత పెట్టి,
డబ్బాలో నిలబెట్టి,
నిలబడిందో లేదో ఒకసారి వేలితో తాకి చూసి
వెళ్ళిపోయాడు.

అతని కారు మలుపు తిరిగిందాకా ఆగి
ఆ పెన్ను తీసి
గాలిలో వదిలాను.